మారెప్ప నోరు

మారెప్ప వస్తున్నాడంటే ముందు గొంతు వస్తుంది, వెనక మనిషి వస్తాడు. ఎనభై మూడో సంవత్సరం ఏప్రిల్లో ఆ గురువారం సాయంత్రం కూడా అంతే జరిగింది. వానలు మొహం చాటేసిన ఏడు అది. తమిళనాడులోని ధర్మపురి చుట్టుపక్కల బావులన్నీ అడుగంటిపోయి, ఉన్న బావినే ఇంకో ఇరవై అడుగులు దించమని రైతులు వెంటపడుతుంటే చెట్టికరై బావిపనివాళ్ళకు ఊపిరి సలపడం లేదు. పొద్దు వాలే వేళకు వాళ్ళు తాళ్ళు పట్టుకుని ఒక్కొక్కరే పైకి వస్తున్నారు. చేనుగట్టు మలుపు దగ్గర మనిషి ఇంకా కనబడనే లేదు, మాట వచ్చేసింది.

“రేయ్ పళనీ! రాళ్ళతోనే సంసారం చేస్తా ఉండారా? గీతలు గీసినారా లేదా?”

పళని అప్పుడే బావి ఒడ్డున మోకాలు ఆనించి పైకి లేస్తున్నాడు. ఒళ్ళంతా రాతిపొడి, కనుబొమలు కూడా తెల్లబడి ఉన్నాయి. చెట్టికరై కబడ్డీ జట్టుకు కెప్టెను అతనే.

“వచ్చినాడప్పా మైకుసెట్టు,” అన్నాడు పక్కనున్న అంజనప్పతో. “ఇంక చెవుల్లో దూది పెట్టుకోవాల్సిందే.”

అంజనప్ప నవ్వి తలగుడ్డ విప్పి దులుపుకున్నాడు. నలభైకి దగ్గరపడుతున్న మనిషి, జట్టులో అందరికంటే పెద్ద. ఆటలో ఎడమ మూల కాచేది ఆయనే.

మారెప్ప ఎడమ కాలు ఈడ్చుకుంటూ వచ్చాడు. సేలంలోని మిల్లు జట్టుకు తొమ్మిదేళ్ళు ఆడిన కాలు అది. ఆట కోసమే మిల్లు ఆయనకు ఉద్యోగం ఇచ్చింది. రిజిస్టరులో పేరు నూలు వడికే ఖాతాలో ఉండేది, మనిషి మాత్రం మైదానంలో ఉండేవాడు. మోకాలు తిరిగిపోయాక రిజిస్టరు మారింది. గెలిచిన కప్పులు మేనేజరు గదిలో అద్దాల బీరువాలో ఉన్నాయి, గెలిచిన మనిషి రెండేళ్ళుగా గేటు దగ్గర కాపలా స్టూలు మీద ఉన్నాడు. న్యాయమేనా అంటే, అడిగే నాథుడెవడు? ఆయన మాత్రం వారానికి ఒక్క రోజు సెలవు దొరికితే చాలు, బస్సెక్కి సొంతూరు చెట్టికరై వచ్చి, ఎనిమిది నెలలుగా ఈ బావిపనివాళ్ళకు ఆట నేర్పుతున్నాడు. ఈసారి ఏకంగా నాలుగు రోజులు లీవు పెట్టి వచ్చాడు.

“ఆదివారం మన ఆఫీసరు వస్తా ఉండాడు,” అన్నాడు, ఎప్పుడూ లేనిది గొంతు తగ్గించి.

“ఏ ఆఫీసరు?”

“మా మిల్లులో ఆటలు చూసుకునే రంగనాథన్ సారు. మా జట్టుకు ఆట నేర్పే కోచ్చి రిటైరైపోయినాడు కదా, ఆ చోటికి ఇద్దరి పేర్లుండాయి. ఒకడు ఎక్కడో పెద్ద చదువు చదివి డిప్లొమా తెచ్చుకున్నోడు. రెండోది నేను.”

పళని రాతిపొడి మధ్యనుంచి కళ్ళు పెద్దవి చేశాడు. “నువ్వా అన్నా!”

“ఆయన ఒక్కటే మాట చెప్పినాడు. ‘మారెప్పా, నువ్వు ఆడింది నేను చూసినాను. నువ్వు నేర్పేది చూడలేదు. ఆడినోడంతా నేర్పలేడు. ఆదివారం ధర్మపురి పోటీల ఫైనలుకు నీ జట్టు వస్తే నేనొచ్చి నిన్ను చూస్తాను’ అన్నాడు. మేనేజరు ఈయన మాట దాటడు. ఈయన చూసి సరే అంటే కోచ్చి. లేదంటే ఆ గేటు, ఆ స్టూలు, నేను పోయేదాకా.”

అంజనప్ప తలగుడ్డ మళ్ళీ చుట్టుకుని, “సరే, గీతలు గియ్యండ్రా,” అన్నాడు.

బావిలోంచి తీసిన ఎర్రమట్టిని బీడు మీద పరిచి, నీళ్ళు చల్లి, తొక్కి వాళ్ళు తయారు చేసుకున్న చదును అది. సున్నం చారలు సగం చెరిగిపోయి ఉన్నాయి. మారెప్ప గీత పక్కన కాలు చాపుకుని కూర్చున్నాడు. ఆయన వంగలేడు, గెంతలేడు. మడమ ఎలా పట్టాలో తను పట్టి చూపించలేడు. చూపించలేడు గనకే చెబుతాడు. చెప్పి, మళ్ళీ చెప్పి, చెప్పింది అరిచి చెబుతాడు.

“చేతులు వదలద్దండ్రా! గొలుసు తెగితే గోవిందా! అంజనప్పన్నా, మూల వదిలి ముందుకు రావద్దు, నీ వెనకాల బండి పట్టేంత సందు ఉండాది! వేడియప్పా, వాని కళ్ళు చూడద్దు, నడుము చూడు. కళ్ళు అబద్ధం చెప్తాయి, నడుము చెప్పదు!”

వేడియప్పన్ ఆరడుగుల మనిషి, ఎవరేం చెప్పినా తల ఊపే మనిషి. తల ఊపాడు.

మారెప్ప పెళ్ళాం సరసు మట్టితట్ట బోర్లించి దాని మీద కూర్చుని, మొగుడి కోసం తెచ్చిన సంగటి గిన్నె ఒళ్ళో పెట్టుకుని చూస్తోంది. పగలంతా ఆమె కూడా బావి దగ్గర తట్టలు మోసింది.

“మా పెళ్ళిలో మంత్రాలు చెప్పే అయ్యవారికే ఎట్ల చెప్పాలో చెప్పినాడు ఈ మనిషి,” అంది పళనితో. “మీరెంత?”

అందరూ నవ్వారు, మారెప్ప కూడా నవ్వాడు. నవ్వుతూనే, “రేయ్, చేతులు!” అని అరిచాడు.

*

ఆ నోటికి ఒక పెద్ద ఉపాయం తోడుంది. ఆట జరుగుతుండగా గీత బయటినుంచి పాఠాలు చెప్పకూడదని రూలు. మారెప్ప చెబుతాడు. తెలుగులో చెబుతాడు.

ధర్మపురి జిల్లాలో తెలుగు ఇంటి లోపలి మాట. పొయ్యి దగ్గర, బావి దగ్గర, తమలో తాము తిట్టుకునేటప్పుడు తెలుగు, గడప దాటితే అరవం. బస్సులో, బజారులో, బడిలో, ఆసుపత్రిలో అంతా అరవమే. వందల ఏళ్ళ కిందట వచ్చిన ముత్తాతలు తెచ్చుకున్న ఆ మాటను రాయడం వీళ్ళలో ఎవరికీ రాదు. ఇంటి పెట్టెలో పెట్టుకున్న పాత చీరలాగా దాన్ని బయటివాళ్ళకు చూపించరు. అందువల్ల మైదానం నడిబొడ్డున నిలబడి మారెప్ప ఎంత గట్టిగా అరిచినా అది రహస్యమే.

శనివారం ధర్మపురి సంతమైదానంలో మొరప్పూర్ జట్టుతో సెమీఫైనలు జరిగినప్పుడు ఆ ఉపాయం పండింది. మొరప్పూర్ వాళ్ళు రైల్వే స్టేషనులో మూటలు మోసేవాళ్ళు, భుజాలు దుంగల్లా ఉన్నవాళ్ళు. బలానికి బలం పెడితే చెట్టికరై గెలిచేది కాదు. కాని వాళ్ళ మనిషి కూతకు వచ్చిన ప్రతిసారీ బయటినుంచి ఒక గొంతు లేస్తుంది.

“రానీ, రానీ, లోపలికి రానీ! కుడి పక్క తెరిచి పెట్టండ్రా! ఆఁ, ఇప్పుడు మూసెయ్!”

మొరప్పూర్ మనిషి తెరిచిన పక్కకు ఉత్సాహంగా వెళ్ళి మూసిన గొలుసులో పడేవాడు. నాలుగోసారి పడ్డాక అంపైరు విజిల్ ఊది గీత దగ్గరికి వచ్చాడు.

“ఏమయ్యా, ఏమిటా అరుపు? ఏం చెబుతున్నావు వాళ్ళకు?” అన్నాడు అరవంలో.

మారెప్ప రెండు చేతులూ జోడించాడు. “మా కులదేవతకు మొక్కుకుంటున్నా సార్. మా ఇంటి మొక్కు కొంచెం గట్టిగా ఉంటుంది.”

“దేవతకు చెవుడా?”

“పెద్దదైపోయింది సార్.”

అంపైరుకు నవ్వొచ్చింది. సరే మొక్కుకో అని వెళ్ళిపోయాడు. చెట్టికరై పన్నెండు పాయింట్ల తేడాతో గెలిచింది. తిరుగు బస్సులో పళని బస్సు పైకప్పు కొట్టి పాడాడు, అంజనప్ప పాట రాకపోయినా పాడాడు, వేడియప్పన్ తల ఊపాడు. మారెప్ప కిటికీ పక్కన కూర్చుని, రేపు ఆఫీసరు ముందు ఏ ఏ పిలుపులు పిలవాలో వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. మనసులో అనుకోవాల్సినవి కూడా పైకే అనుకున్నాడు.

“ఆ సారు చూసేది నా నోరేనే సరసూ,” అన్నాడు. “ఆటగాళ్ళకు కాళ్ళు, కోచ్చికి నోరు. రేపు చూడు.”

“నోరా, వీపుకు తేకే అంటారు,” అంది సరసు. “చూస్తాలే.”

*

ఆదివారం నాలుగు గంటలకు రంగనాథన్ వచ్చాడు. తెల్లటి పొట్టిచేతుల చొక్కా, చేతిలో నల్లగొడుగు, నుదుట సన్నని నామం. ఆ నామం చూసి, ఆ పేరు విని మిల్లంతా ఆయన్ను అయ్యంగారు అనుకునేది. నిర్వాహకులు గుడ్డపందిరి కింద ఇనుప కుర్చీ వేస్తే కూర్చుని గొడుగు మోకాళ్ళ మధ్య నిలబెట్టుకున్నాడు. మారెప్ప వెళ్ళి నమస్కారం పెట్టాడు.

“కానీ మారెప్పా. నేనున్నానని మరిచిపో,” అన్నాడాయన అరవంలో. మరిచిపొమ్మంటే మరిచిపోయే సంగతా అది.

ఫైనల్లో ఎదుటి జట్టు తొప్పూరుది. కనుమదారిలో లారీలకు బరువులు ఎత్తి దించే మనుషులు. తంగవేల్ అని వాళ్ళ ముఖ్య ఆటగాడు, పిల్లిలా నడిచే సన్నటివాడు. పేర్లన్నీ అరవపేర్లే, తమలో తాము మాట్లాడుకునేది అరవమే. మారెప్ప ఒక్కసారి వాళ్ళ వైపు చూసి, గొంతు సవరించుకుని, గీత పక్కన నిలబడ్డాడు. ఆఫీసరు కుర్చీకి ఎదురుగా, బాగా కనబడేచోట.

విజిల్ మోగింది. తంగవేల్ కూతకు వచ్చాడు.

“రానీ, రానీ! కుడి పక్క తెరిచి పెట్టండ్రా!”

కుడి పక్క తెరుచుకుంది. తంగవేల్ ఆ పక్కకు కన్నెత్తయినా చూడలేదు. ఎడమకు దూకి, కుడివైపు మూయడానికి కదులుతున్న వేడియప్పన్ వీపు తట్టి వెళ్ళిపోయాడు.

పోనీ, మొదటిసారి అనుకున్నాడు మారెప్ప. రెండోసారి, “అంజనప్పన్నా, మడమ పట్టు, మడమ!” అని అరిచాడు. అంజనప్ప వంగేసరికి తంగవేల్ ఆ కాలు ఎత్తేసి, వంగినవాడి తల తాకి వెళ్ళాడు. మూడోసారి పళని కూతకు వెళ్తే, “పొట్టోని మీద పడు, వానికి ఊపిరి లేదు!” అన్నాడు మారెప్ప. పళని వెళ్ళేలోపల పొట్టివాడు వెనక్కి జరిగాడు, వాడి చోట ఇద్దరు దిట్టమైనవాళ్ళు నిలబడి పళనిని పట్టేశారు.

మారెప్ప ఇంకా గట్టిగా అరిచాడు. ఎంత అరిస్తే అంత ఓడుతున్నారు. ఎంత ఓడుతుంటే అంత అరుస్తున్నాడు. ఆఫీసరు గొడుగు పిడి మీద గడ్డం ఆనించి కదలకుండా చూస్తున్నాడు. సగం ఆట ముగిసేసరికి తొప్పూరుకు పదిహేడు, చెట్టికరైకి ఎనిమిది.

మారెప్పకు గొంతు ఆరిపోయింది. నీళ్ళకుండల దగ్గరికి కాలు ఈడ్చుకుంటూ వెళ్ళాడు. అక్కడ తొప్పూరు నుంచి వచ్చిన కుప్పాయి అనే ముసలమ్మ రాగి అంబలి కుండ ముందు కూర్చుని జట్టుకు పోస్తోంది. తంగవేల్ లోటా చాపాడు.

“ఇంకొంచెం పోసుకోరా నాయనా,” అందామె. “కడుపు కాలితే కాళ్ళు ఆడవు.”

“చాలులేమ్మా. పరిగెత్తాల,” అన్నాడు తంగవేల్.

మారెప్ప చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. నీళ్ళు అంచు మీదుగా కారి పాదం తడిశాక గాని ఆయన కదల్లేదు.

“అమ్మా... మీరు తెలుగోళ్ళా?”

కుప్పాయి తల ఎత్తి, ఆయన్ను పోల్చుకుని, బోసినోటితో నిండుగా నవ్వింది. “ఏమి అట్లడుగుతావప్పా? మా తాతలకాడినుంచీ తెలుగోళ్ళమే. తొప్పూరులో మా వీధి వీధంతా ఇంట్లో తెలుగే.” లోటా తుడుస్తూ మళ్ళీ అంది. “నీ గొంతు శానా బాగుండాది నాయనా. మావోళ్ళకు బాగా పనికొస్తా ఉండాది.”

తంగవేల్ అంబలి గుటక వేయలేక, నవ్వు ఆపుకోలేక, అవతలికి తిరిగి దగ్గాడు.

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడని మారెప్ప విన్నాడు. తన తల తనే తన్నుకునేవాడు ఉంటాడని మాత్రం ఎవరూ చెప్పలేదు. సిగ్గుతో చెవులు కాలిపోతుండగా జట్టు దగ్గరికి వచ్చి చెప్పాడు. పళనికి నవ్వు ఎక్కడినుంచి వచ్చిందో, నేల మీద కూలబడి నవ్వాడు. చూసి అంజనప్ప నవ్వాడు. ఓడిపోతున్న జట్టు అంతగా నవ్వడం ఆ మైదానంలో ఎవరూ చూసి ఉండరు.

“నవ్వుతారేందిరా! ఇప్పుడేం చేద్దాం?” అన్నాడు మారెప్ప. “ఒక పని చేస్తాను. కుడి అంటే ఎడమ అనుకోండి, ఎడమ అంటే కుడి అనుకోండి.”

వేడియప్పన్ మొదటిసారి తల ఊపలేదు. “నాకు రాదన్నా,” అన్నాడు. “కుడిని కుడి అంటేనే నాకు ఒక నిమిషం పడుతుంది.”

పళని నవ్వు తుడుచుకుని లేచాడు. మారెప్ప మొహంలోకి చూడకుండా, అరచేతికి అంటిన మట్టి గీరుకుంటూ అన్నాడు.

“అన్నా. నువ్వు గమ్మునుండు.”

“ఏందీ?”

“సుమ్మా, ఊరికే కూచో అన్నా. మేము ఆడుకుంటాం.”

మారెప్ప పందిరి వైపు చూశాడు. రంగనాథన్ నిర్వాహకులు ఇచ్చిన సోడా కూడా తాగకుండా పక్కన పెట్టి, ఇటే చూస్తున్నాడు.

“ఆయన ఆట చూడడానికి రాలేదురా పళనీ. నన్ను చూడడానికొచ్చినాడు. నేను ఊరకే కూచుంటే ఆయన చూసేదానికి ఏముండాది?”

“తెలుసన్నా,” అన్నాడు పళని మెల్లగా. “అందుకే నువ్వే చెప్పు. అరుస్తానంటే అరుచుకో. మేమేమీ అనుకోము. ఓడిపోయినా నీ కోసమే ఆడతాము.”

అక్కడే చిక్కు. ఓడిపోయినా ఆడతామంటున్నారు. పొద్దుటినుంచి రాళ్ళు పగలగొట్టి, సాయంత్రం వచ్చి, అదే ఒళ్ళు మళ్ళీ మట్టికి అప్పజెప్పి, ఎనిమిది నెలలు నేర్చుకున్నది తన నోటికి బలిపెట్టడానికి ఒప్పుకుంటున్నారు. మారెప్ప భుజం మీది తువ్వాలు తీశాడు, రెండు మడతలు పెట్టాడు, పళ్ళ మధ్య కరుచుకున్నాడు. గీత దగ్గరికి వెళ్ళి, కుంటికాలు చాపి, రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని నేల మీద కూర్చున్నాడు.

జనంలోంచి చూస్తున్న సరసు, మొగుడికి ఏమైందోనని లేచి నిలబడింది.

*

రెండో సగం మొదలైంది. తంగవేల్ కూత అందుకుని వచ్చాడు. నాలుగడుగులు వేసి, అలవాటు చొప్పున గీత బయటికి చెవి పారేశాడు. అక్కడినుంచి ఏ మాటా రాలేదు. అతని అడుగు ఒక్క క్షణం తడబడింది. ఆ క్షణంలో చెట్టికరై గొలుసు ఒకేసారి, ఒకే మనిషిలాగా కదిలి అతన్ని చుట్టేసింది.

మారెప్ప తువ్వాలు గట్టిగా కొరికాడు. ఎవరు చెప్పారు? ఎవరి పెదవీ కదల్లేదు. ఇంకో కూతకు వచ్చినవాడూ అలాగే దొరికాడు. మూడోవాడి దగ్గర గాని మారెప్పకు కనబడలేదు. మాట నోళ్ళలో లేదు, చేతుల్లో ఉంది. ఒకరి మణికట్టు ఒకరు పట్టుకుని వరసగా నిలబడిన మనుషుల్లో, మధ్యలో ఉన్న పళని చేయి చిన్నగా ఒకసారి లాగింది. ఆ లాగుడు ఇటూ అటూ మూలలదాకా పాకింది. అందరూ ఆగారు. రెండుసార్లు లాగింది. అందరూ వచ్చినవాడి మీద పడ్డారు.

అది బావిపని. అరవై అడుగులు దిగాక కింది మనిషి ఏం అరిచినా పైకి గుమ్మని మోతే వస్తుంది, మాట రాదు. అందుకని తాడు లాగుతారు. ఒకసారి లాగితే ఆగు, రెండుసార్లు లాగితే ఎత్తు, ఊరికే ఊపితే అందరూ పక్కకు తప్పుకో. పద్దెనిమిదో ఏటనే మిల్లుకు వెళ్ళిపోయిన మారెప్ప ఒక్కనాడూ బావిలోకి దిగలేదు. చేతులు వదలద్దని నేర్పింది ఆయనే. ఆ చేతులు మాట్లాడుకోగలవని ఆయనకే తెలియదు. లారీల మీద మూటలు ఎత్తే తొప్పూరు వాళ్ళకు అసలే తెలియదు.

పదిహేడు, పదకొండు. పంతొమ్మిది, పదహారు. మధ్యలో పళని కూతకు వెళ్ళి ఒక్క ఊపిరిలో ఇద్దరిని తాకి, మధ్యగీత మీద పొట్టతో జారుతూ వచ్చి పడ్డాడు. జనం లేచి నిలబడ్డారు. తొప్పూరు ముసలమ్మ కూడా అంబలికుండ వదిలేసి వచ్చి సరసు పక్కన నిలబడింది.

మారెప్ప నోట్లోకి మాట మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ తువ్వాలు దాన్ని మింగేసింది. కళ్ళు మాత్రం ఊరుకోలేదు. ఒకప్పుడు తను ఆడేటప్పుడు ఎదుటివాడి నడుము తప్ప ఇంకేమీ చూసేవాడు కాదు. గీత బయట నిలబడి అరిచేటప్పుడు తన అరుపు తప్ప ఇంకేమీ వినలేదు. ఇప్పుడు మొదటిసారి ఆట మొత్తం కనబడుతోంది. వేడియప్పన్ నిజంగానే నడుమే చూస్తున్నాడు. అంజనప్ప మడమ పట్టే ముందు మోకాలు నేలకు ఆనించకుండా గాలిలో ఆపుతున్నాడు, ఎన్నిసార్లు చెప్పినా వినలేదని తను తిట్టింది దాని గురించే. ఎప్పుడో విన్నాడన్నమాట! మారెప్పకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చి ముక్కుపుటాలు అదిరాయి.

ఇరవై అయిదు, ఇరవై అయిదు. టైము చూసే మనిషి చేయి ఎత్తాడు. చివరి కూత తంగవేల్‌ది.

చెట్టికరై వైపు నలుగురే మిగిలారు. తంగవేల్ మెల్లగా, తొందరేమీ లేనట్టు, కూత సన్నగా సాగదీస్తూ వచ్చాడు. అప్పుడు మారెప్ప చూశాడు. అంజనప్ప మూల వదిలేసి ఒక అడుగు ముందుకు వచ్చి నిలబడి ఉన్నాడు! వెనక బండి పట్టేంత సందు. ఎనిమిది నెలలు గొంతు చించుకుని మాన్పించిన తప్పు, ఆఖరి కూతలో, సమానంగా ఉన్నప్పుడు! మారెప్ప చేతులు తొడల కిందినుంచి బయటికి వచ్చేశాయి. తువ్వాలు జారింది. “అన్నా” అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.

పందిరి కింద ఆఫీసరు కుర్చీలోంచి ముందుకు వంగాడు.

మారెప్ప రెండు చేతులతో తన నోరు తనే మూసుకున్నాడు.

తంగవేల్ ఆ సందు చూశాడు. చూస్తే ఆగే మనిషి కాదు. పిల్లిలా ఒక్క గెంతుతో అంజనప్ప వెనక్కి దూకి ఆయన వీపు మీదికి చేయి చాపాడు. అప్పుడే పళని చేయి రెండుసార్లు లాగింది. గొలుసు అతనికీ మధ్యగీతకూ నడుమ తలుపులాగా మూసుకుంది. అంజనప్ప వెనక్కి చూడను కూడా చూడకుండా నేలకు ఒరిగి, రెండు చేతులతో ఆ మడమను వాటేసుకున్నాడు. ఆ సందు మరిచిపోయి వదిలింది కాదు, కావాలని తెరిచి పెట్టింది. తను అరిచి ఉంటే అంజనప్ప వెనక్కి జరిగేవాడు. అంతా చెడగొట్టి ఉండేవాడు తను.

మట్టిలో నలుగురి కింద తంగవేల్ కూత సన్నబడి, సన్నబడి ఆగిపోయింది. పొడుగ్గా విజిల్ మోగింది.

ఆ తర్వాత ఎవరు ఎవరి మీద పడ్డారో చెప్పడం కష్టం. పళని తంగవేల్‌ను లేపి వీపు దులిపాడు, తంగవేల్ పళనిని తిట్టాడు, తెలుగులోనే, ఆప్యాయంగా. వేడియప్పన్ అంజనప్పను భుజాన ఎత్తుకుని తిరుగుతూ దించడం మరిచిపోయాడు. కుప్పాయి సరసు బుగ్గలు నిమిరి మెటికలు విరుచుకుంది.

మారెప్ప ఒక్కడే గీత దగ్గర కూర్చుని ఉన్నాడు. లేవడానికి కాలు సహకరించలేదు. ఆయనకు సంతోషంగా ఉంది, మిల్లు జట్టులో కప్పులు ఎత్తినప్పుడు కూడా లేనంత సంతోషం. దాని పక్కనే, పోయిందిలే అన్న మాట కూడా ఉంది. పోతే పోయింది. గేటైనా స్టూలైనా ఈ సాయంత్రాన్ని తీసుకుపోలేవు.

ఎదురుగా ఒక నల్లగొడుగు వచ్చి ఆగింది. మారెప్ప గొడుగు కర్ర పట్టుకునే పైకి లేచాడు.

“రెండో సగంలో ఏం చేశావు మారెప్పా?” అని అడిగాడు రంగనాథన్, అరవంలోనే.

“ఏమీ చెయ్యలేదు సార్. కూర్చున్నాను.”

“మొదటి సగంలో?”

“అరిచాను సార్.”

“అరిచినప్పుడు ఓడారు. కూర్చున్నప్పుడు గెలిచారు. నన్నేమని రాయమంటావు?”

“జరిగిందే రాయండి సార్,” అన్నాడు మారెప్ప. అబద్ధం ఆడడానికి ఆ పూట ఆయనకు మనసొప్పలేదు.

రంగనాథన్ గొడుగు చంకలో పెట్టుకుని, కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. మళ్ళీ నోరు తెరిచినప్పుడు వచ్చింది అరవం కాదు.

“మొదట్లో నువ్వు చెప్పిందంతా సరిగానే చెప్పినావప్పా. ఒక్క మాట తప్పు లేదు. అది తొప్పూరోళ్ళకీ అర్థమవతా ఉండాదని పది నిమిషాలకే నాకు తెలిసిపాయె. నీకు ఎప్పుడు తెలుస్తుందా, తెలిసినాక ఏం చేస్తావా అని కూచోని చూస్తా ఉన్నాను.”

మారెప్ప ఆయన నుదుటి నామం వైపు చూశాడు. “సార్... మీరు అయ్యంగారు కదా?”

“నాయుళ్ళం. అడిగినోడు లేడు, నేను చెప్పిందీ లేదు.” రంగనాథన్ కళ్ళజోడు పెట్టుకున్నాడు. “ఆ డిప్లొమా ఆయన జట్టును పోయిన వారం చూసొచ్చినాను. గెలిచినాక కూడా అరుస్తానే ఉండాడు. సోమవారం లీవు ఉండాది కదా నీకు? మంగళవారం పొద్దున ఆరింటికి రా. గేటుకాడికి పోవద్దు. నేరుగా గ్రౌండుకు రా.”

తొమ్మిదేళ్ళూ ఆపైన రెండేళ్ళూ ఆ మనిషితో అరవమే మాట్లాడిన నోరు అది. ఇంటిమాటలో ఆయనకు జవాబు ఎలా చెప్పాలో దానికి తెలియలేదు.

“వస్తా... వస్తానయ్యా,” అన్నాడు చివరికి.

అంతటితో ఊరుకుంటే మారెప్ప ఎందుకవుతాడు? సగం ఆటసేపు బిగబట్టిన ఊపిరంతా ఒక్కసారిగా వదిలి, సంతమైదానం ఆ చివర బస్సుల కోసం నిలబడ్డవాళ్ళు కూడా తిరిగి చూసేలా అరిచాడు.

“సరసూ! నన్ను గ్రౌండుకు రమ్మన్నారే!”

అందరికంటే ముందు ఈల వేసింది తొప్పూరు వాళ్ళు.